హైదరాబాద్–వైజాగ్ విమానం: ఆ గంటా ఇరవై నిమిషాలు ఎవరి గడియారంలో?

హైదరాబాద్ నుంచి వైజాగ్‌కి విమానంలో ఎంతసేపు పడుతుందని ఫోన్లో వెతికితే ఒకచోట గంటా పది నిమిషాలు అంటుంది, ఇంకోచోట గంటా ఇరవై, తీరా టికెట్ బుక్ చేసేటప్పుడు చూస్తే గంటన్నర పైన కూడా కనిపిస్తుంది. దూరం సంగతీ అంతే. ఒకరు 500 కిలోమీటర్లు అంటారు, ఒకరు 510 అంటారు, కార్లో వెళ్లే మా బావగారు 620 అంటారు, రైలువాళ్లు 700 అంటారు. వీటిలో ఏదీ అబద్ధం కాదు, ఎవరి లెక్క వాళ్లది. నేను ఉండేది కూకట్‌పల్లిలో, అమ్మానాన్నలు ఉండేది గాజువాకలో, కాబట్టి ఈ రూట్లో విమానం, వందే భారత్, రాత్రి రైలు, బస్సు అన్నీ అలవాటే. ఈ రివ్యూ ఏ ఒక్క కంపెనీ గురించో కాదు, మొత్తంగా ఈ విమాన ప్రయాణం పెట్టిన డబ్బుకి తగ్గట్టు ఉందా లేదా అన్నదాని గురించి. ముందే చెప్పేస్తున్నా: పొద్దున్న ఫ్లైట్‌కి 5కి 4, రాత్రి ఫ్లైట్‌కి 2.5, సంక్రాంతి వారానికి 1, అది కూడా కిటికీ సీటు దొరికితేనే.

ముందు దూరం సంగతి. హైదరాబాద్ ఊరి మధ్య నుంచి వైజాగ్ ఊరి మధ్యకి గాల్లో తిన్నగా గీత గీస్తే 500 చిల్లర కిలోమీటర్లు. కానీ విమానం ఊరి మధ్య నుంచి ఎగరదు కదా, శంషాబాద్ నుంచి ఎగురుతుంది, అది ఊరికి దక్షిణాన ఉంది, అందుకని విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికి కొలిస్తే 510 అవుతుంది. రోడ్డు సూర్యాపేట, విజయవాడ మీదుగా కిందికి దిగి మళ్లీ రాజమండ్రి మీదుగా పైకి ఎక్కుతుంది కాబట్టి అది 620 దాకా పోతుంది. రైలు వరంగల్, ఖమ్మం మీదుగా విజయవాడ వచ్చి అక్కడి నుంచి ఏలూరు, రాజమండ్రి, సామర్లకోట తిరిగి వెళ్లేసరికి 700. అంటే పట్టాల మీద వెళ్లేవాడికి విమానంలో వెళ్లేవాడికంటే దాదాపు 190 కిలోమీటర్లు ఎక్కువ పడుతుంది. వేగం తేడా ఎలాగూ ఉంది, దానికి తోడు ఈ చుట్టూ తిరుగుడు ఒకటి.

ఇప్పుడు టైమ్. జెట్ విమానం పైకి వెళ్లాక గంటకు 800 కిలోమీటర్లు సులువుగా దాటుతుంది, ఆ లెక్కన 510 కిలోమీటర్లకి 40 నిమిషాలు కూడా పట్టకూడదు. మరి టికెట్ మీద గంటా ఇరవై ఎందుకుంది? ఎందుకంటే టికెట్ మీద వేసేది గాల్లో ఉండే టైమ్ కాదు. శంషాబాద్‌లో విమానం గేటు దగ్గర నుంచి కదిలినప్పటి నుంచి వైజాగ్‌లో నిలబడేదాకా మొత్తం. అందులో రన్‌వే దాకా నెమ్మదిగా పాకడం, ముందున్న విమానాల వెనక లైన్లో ఆగడం, పైకి ఎక్కడం, కిందికి దిగడం, దిగాక మళ్లీ పాకడం, అన్నీ కలిసి ఉంటాయి. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఆ 800 వేగం ఉండదు. ఇంత చిన్న రూట్లో విమానం పూర్తి ఎత్తుకి వెళ్లి కాసేపు కుదురుగా ఎగిరిందో లేదో, దిగడం మొదలుపెట్టేస్తుంది. దీని మీద కంపెనీవాళ్లు ఇంకో పది నిమిషాలు జేబులో పెట్టుకుంటారు. విమానం చెప్పిన టైమ్‌కి పదిహేను నిమిషాల లోపు వచ్చినా టైమ్‌కి వచ్చినట్టే లెక్క కాబట్టి, ముందే కాస్త ఎక్కువ టైమ్ వేసుకుంటే అరగంట ఆలస్యంగా బయల్దేరినా "సమయానికి చేరుకున్నాం" అని మైకులో గొప్పగా చెప్పుకోవచ్చు. మనవాళ్లు పెళ్లి ముహూర్తానికి చుట్టాలని గంట ముందు టైమ్ చెప్పి పిలుస్తారు చూడండి, అదే తెలివి.

ఈ రూట్లో రెండు రకాల విమానాలు తిరుగుతాయి, బుక్ చేసే ముందు ఏది అన్నది తప్పకుండా చూసుకోండి. ఒకటి మామూలు పెద్ద జెట్, ఎయిర్‌బస్ 320 రకం. రెండోది ఏటీఆర్, అంటే రెక్కలకు ఫ్యాన్లు తిరిగేది, 70 చిల్లర సీట్లది. ఏటీఆర్ వేగం గంటకు 500 కిలోమీటర్ల దరిదాపు, కాబట్టి టికెట్ మీద టైమ్ గంటన్నర, అంతకంటే ఎక్కువ కనిపిస్తే అది ఏటీఆరే అనుకోవచ్చు. చాలామంది ఏటీఆర్ అంటే భయపడతారు, చప్పుడు ఎక్కువ, వానాకాలంలో కుదుపులు కూడా ఎక్కువే, అది నిజమే. కానీ నాకు పగటి పూట ఏటీఆరే ఇష్టం. రెక్క కిటికీకి పైన ఉంటుంది, కింద చూడటానికి అడ్డం రాదు, పైగా అది జెట్ అంత ఎత్తుకి వెళ్లదు కాబట్టి కింద చెరువులు, కొండలు, గోదావరి అన్నీ పోల్చుకోవచ్చు. ఎక్కడం దిగడం వెనక తలుపు నుంచి, కాబట్టి ముందు సీటు కోసం అదనంగా డబ్బు కట్టేవాళ్లు ఆగండి, దీంట్లో ముందు కూర్చున్నవాడు ఆఖర్న దిగుతాడు.

సీటు సంగతి వచ్చింది కాబట్టి ఇదీ చెప్పేస్తాను. వైజాగ్ వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ తీసుకోండి. గీత తిన్నగా గీస్తే ఖమ్మం, కొత్తగూడెం మధ్యగా వెళ్లి పాపికొండల చుట్టుపక్కల గోదావరిని దాటుతుంది. కొండల మధ్య నుంచి సన్నగా వచ్చిన నది పోలవరం దాటాక ఒక్కసారి వెడల్పు అయిపోవడం, దూరంగా రాజమండ్రి, ఆ కింద పచ్చగా కోనసీమ వైపు నేల, మబ్బు లేని రోజున ఇదంతా కుడివైపే. ఎడమవైపు కూర్చుంటే మన్యం కొండలు. అవీ బాగుంటాయి, కాకపోతే కాసేపటికి అన్నీ ఒకేలా అనిపిస్తాయి. దిగేటప్పుడు మాత్రం ఎడమవైపు వాళ్ల అదృష్టం. వైజాగ్ రన్‌వేకి పడమటి వైపు కొండలు ఉండటంతో విమానాలు ఎక్కువగా సముద్రం వైపు నుంచే దిగుతాయి. అంటే హైదరాబాద్ నుంచి తూర్పు దిక్కుగా వచ్చిన విమానం ఊరు దాటి సముద్రం మీదికి వెళ్లి, అక్కడ వెనక్కి తిరిగి బీచ్ మీదుగా ఊళ్లోకి వస్తుంది. అప్పుడు ఎడమ కిటికీలో డాల్ఫిన్స్ నోస్ కొండ, పోర్టు, ఓడలు, కుడి కిటికీలో బీచ్ రోడ్డు, కైలాసగిరి. మొదటిసారి వచ్చేవాళ్లు "అదేంటి, ఊరు దాటిపోయాడు" అని కంగారు పడుతుంటారు. ఆ వెళ్లి తిరగడానికి పట్టే నిమిషాలు కూడా మన గంటా ఇరవైలోనే ఉన్నాయి. అన్నట్టు ఆ రన్‌వే నేవీ వాళ్లది, ఐఎన్ఎస్ డేగా. అక్కడ దిగాక ఫొటోలు తీయొద్దని చెబుతారు, చెప్పినా సరే పక్కవాళ్లు రీల్స్ తీస్తూనే ఉంటారు.

వెళ్లేటప్పటికీ వచ్చేటప్పటికీ టైమ్‌లో తేడా ఎందుకుంటుందని ఒకాయన అడిగారు. గాలి. చలికాలంలో ఆ ఎత్తులో గాలి పడమర నుంచి తూర్పుకి వీస్తుంది, వైజాగ్ వెళ్లేటప్పుడు తోస్తుంది, వచ్చేటప్పుడు ఎదురొస్తుంది. వానాకాలంలో మన దగ్గర పై ఎత్తుల్లో గాలి తూర్పు నుంచి వస్తుంది, అప్పుడు లెక్క తిరగబడుతుంది. అమెరికా ప్రయాణాల్లో అయితే ఈ గాలి గంటలకు గంటలు మిగులుస్తుంది, తింటుంది. మన రూట్లో మాత్రం కొన్ని నిమిషాల తేడా, అంతే.

ఇక అసలు లెక్క, ఇంటి గుమ్మం నుంచి ఇంటి గుమ్మానికి. కూకట్‌పల్లి నుంచి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శంషాబాద్ చేరడానికి ట్రాఫిక్‌ని బట్టి గంట, గంటంబావు. పుష్పక్ బస్సు పట్టుకుంటే డబ్బులు మిగులుతాయి, టైమ్ మిగలదు. బ్యాగేజీ ఉంటే కౌంటర్ గంట ముందే మూసేస్తారు కాబట్టి కనీసం గంటన్నర ముందు అక్కడ ఉండాలి. డిజియాత్ర (ముఖం చూపించి లోపలికి వెళ్లే యాప్) ఉంటే లోపలికి వెళ్లడం తొందరగా అయిపోతుంది కానీ సెక్యూరిటీ దగ్గర ట్రేలో బెల్టు, ల్యాప్‌టాప్ పెట్టే లైను మాత్రం అందరికీ ఒకటే. తర్వాత గంటా ఇరవై విమానం. దిగాక బెల్టు మీద బ్యాగు కోసం ఇరవై నిమిషాలు. అక్కడి నుంచి ఎన్‌ఏడీ జంక్షన్ అయినా గాజువాక అయినా దగ్గరే, క్యాబ్‌లో అరగంట లోపు. మొత్తం కలిపితే నాలుగు గంటల ముప్పావు. అంటే 510 కిలోమీటర్లని నాలుగు గంటల ముప్పావుతో భాగిస్తే గంటకు 107 కిలోమీటర్లు! జెట్ విమానం ఎక్కి మనం సాధించిన వేగం ఇది. మా అమ్మ అయితే ప్రతిసారీ ఇదే అంటుంది, "గంటంబావులో వచ్చేస్తానన్నావు, పొద్దున్న బయల్దేరానని ఫోన్ చేసి మధ్యాహ్నం భోజనానికి వచ్చావేంట్రా".

అదే వందే భారత్ తీసుకోండి. 2023 జనవరి 15న మొదలైంది, ఇప్పుడు రోజుకి రెండు ఉన్నాయి. సికింద్రాబాద్ నుంచి పొద్దున్న 5 దాటగానే ఒకటి, మధ్యాహ్నం 3కి ఇంకొకటి, ఎనిమిదిన్నర గంటలు అటూ ఇటూగా పడుతుంది. ఇంటి నుంచి స్టేషన్‌కి గంట లోపు, ఇరవై నిమిషాలు ముందు వెళ్తే చాలు, అవతల స్టేషన్ నుంచి గాజువాకకి ఒక అరగంట ముప్పావుగంట. అంతా కలిపి పదిగంటల పైచిలుకు. కాబట్టి టికెట్లు పక్కపక్కన పెట్టి చూస్తే ఏడు గంటలకు పైగా తేడా కనిపించినా, గుమ్మం నుంచి గుమ్మానికి నిజంగా మిగిలేది ఐదున్నర గంటలు. ఈ ఐదున్నర గంటలకి ఎంత కట్టొచ్చు అన్నది ఎవరికి వాళ్లు తేల్చుకోవాలి. ఒక నెల ముందు కొంటే ఒక్కోసారి విమానం టికెట్టు వందే భారత్ ఎగ్జిక్యూటివ్ ఛైర్ దగ్గరదగ్గరగా దొరుకుతుంది, అప్పుడు ఆలోచించే పనే లేదు. కానీ ఇద్దరు పిల్లలతో నలుగురం వెళ్లేటప్పుడు, రెండు వైపులా క్యాబ్ ఛార్జీ కూడా కలుపుకుంటే, రైలే మేలు. సామాను సంగతి కూడా ఉంది. విమానంలో మామూలుగా మనిషికి 15 కిలోలు, చేతిలో 7 కిలోలు. ఊరి నుంచి వచ్చేటప్పుడు ఆవకాయ, బియ్యం, జీడిపప్పు, మాడుగుల హల్వా, అనకాపల్లి బెల్లం అని అమ్మ సర్దేదానికి ఈ 15 కిలోలు ఏ మూలకి? రైల్లో సీటు కింద తోసేస్తే అడిగేవాడు లేడు.

రాత్రి రైళ్ల సంగతి అసలు వేరు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో సాయంత్రం ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి వైజాగ్. పన్నెండు గంటల పైన పడుతుంది కానీ అందులో చాలా భాగం నిద్రే కాబట్టి నా లెక్కలో అది విమానం కంటే తక్కువ టైమ్ తింటుంది. రాత్రి ఫ్లైట్‌కి నేను 2.5 ఇచ్చింది కూడా ఇందుకే. ఆఫీసు అయ్యాక గచ్చిబౌలి నుంచి పరిగెత్తుకుంటూ శంషాబాద్ వెళ్లి, రాత్రి పదింటికి దిగి, పదకొండుకి ఇంటికి చేరి, మర్నాడు ఎలాగూ పొద్దున్నే లేవాలి. అదే టైమ్‌కి బెర్త్ ఎక్కి ఉంటే ఒక రాత్రి నిద్ర దక్కేది.

రాత్రి ఫ్లైట్ల ఇంకో గొడవ ఆలస్యం. ఒకే విమానం పొద్దున్నుంచి నాలుగైదు ఊళ్లు తిరుగుతుంది, ఎక్కడో బెంగళూరులోనో చెన్నైలోనో మధ్యాహ్నం అయిన అరగంట ఆలస్యం మన దగ్గరికి వచ్చేసరికి రెండు గంటలు అవుతుంది. నాకు జరిగిందే చెబుతాను, కంపెనీ పేరు వద్దు. సాయంత్రం ఏడు గంటల ఫ్లైట్, ఆరున్నరకి "7:40" అని మెసేజ్, ఏడుంబావుకి "8:30" అని ఇంకొకటి, గేటు మార్చారు, మళ్లీ మార్చారు. చివరికి బస్సులో ఎక్కించి విమానం పక్కన నిలబెట్టి తలుపులు తీయకుండా ఇరవై నిమిషాలు ఉంచారు, చంటిపిల్లాడు ఏడుపు, ఒక పెద్దాయన నిలబడలేక మెట్టు మీద కూర్చున్నారు. గాల్లో ఉన్నది మాత్రం 50 నిమిషాలు. కౌంటర్‌లో అమ్మాయిని అడిగితే "ఆపరేషనల్ రీజన్స్ సార్" అంది, ఆ పిల్ల మాత్రం ఏం చేస్తుంది. కొందరు గట్టిగా అడిగితే అప్పుడు శాండ్‌విచ్‌లు వచ్చాయి.

ఇక్కడ రూల్ తెలిసి ఉండటం మంచిది. డీజీసీఏ (దేశంలో విమానాలకి రూల్స్ పెట్టే ప్రభుత్వ సంస్థ) నిబంధనల ప్రకారం రెండున్నర గంటల లోపు ప్రయాణ సమయం ఉన్న విమానం రెండు గంటలు, అంతకుమించి ఆలస్యమైతే తిండి, కాఫీ టీ లాంటివి వాళ్లే ఇవ్వాలి, అది దయ కాదు. ఆరు గంటలు దాటేటట్టు ఉంటే ఇంకో విమానంలో పంపడమో మొత్తం డబ్బు వెనక్కివ్వడమో, ఏది కావాలో మనం ఎంచుకోవచ్చు. సరిగ్గా చెప్పకుండా చివరి నిమిషంలో రద్దు చేస్తే టికెట్ డబ్బుతో పాటు నష్టపరిహారం కూడా ఉంది, అది ప్రయాణ సమయాన్ని బట్టి ఉంటుంది: గంట లోపు అయితే 5,000 రూపాయల దాకా, గంట నుంచి రెండు గంటల దాకా అయితే 7,500, ఆ పైన 10,000, లేదా బేసిక్ ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపి ఎంతైతే అంత, రెండిట్లో ఏది తక్కువైతే అది. మన రూట్ గంట దాటుతుంది కాబట్టి 7,500 వరసలోకి వస్తుంది. టికెట్ మీద వేసే ఆ టైమ్ ఉత్త సమాచారం కాదని ఇక్కడ తెలుస్తుంది. వాతావరణం వల్ల అయితే మాత్రం ఈ పరిహారం వర్తించదు. వైజాగ్‌కి తుఫాన్ల సీజన్ అంటే అక్టోబరు, నవంబరు, ఆ నెలల్లో ముఖ్యమైన పనికి అదే రోజు పొద్దున్న ఫ్లైట్‌ని నమ్ముకుని బయల్దేరొద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు వైజాగ్ టెర్మినలే దెబ్బతిని కొన్నాళ్లు విమానాలు లేవు. చలికాలం తెల్లవారుజామున పొగమంచు ఉంటుంది, అప్పుడప్పుడూ విమానం పైకి వచ్చి గింగిరాలు కొట్టి వెనక్కి వెళ్లడం కూడా ఉంటుంది.

అమెరికా నుంచో గల్ఫ్ నుంచో వచ్చి హైదరాబాద్‌లో మారి వైజాగ్ వెళ్లేవాళ్లకి ఒక మాట. ఈ ఆఖరి 510 కిలోమీటర్లే అన్నిటికంటే విసుగు పుట్టిస్తాయి. హైదరాబాద్‌లో సామాను తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ దేశీయ విమానానికి వేయాలి, దీనికి తక్కువలో తక్కువ మూడు గంటలు పెట్టుకోండి. టికెట్ మొత్తం ఒకటే అయితే విదేశీ ప్రయాణానికి ఇచ్చిన సామాను బరువే ఇక్కడి దాకా చెల్లుతుంది. విడిగా కొంటే ఇక్కడి 15 కిలోల రూలే, రెండు పెద్ద సూట్‌కేసులకి అదనంగా కట్టేది ఒక్కోసారి టికెట్ కంటే ఎక్కువ అవుతుంది. చవగ్గా వచ్చిందని విడిగా కొనకండి.

నేను పైన చెప్పిన నాలుగు గంటల ముప్పావు లెక్క అంతా ఊళ్లో ఉన్న పాత విమానాశ్రయానిది. అసలు ఈ రూట్లో విమానం బలం అదే, హైదరాబాద్‌లో ఎంత దూరం వెళ్లి ఎక్కినా వైజాగ్‌లో దిగితే ఊళ్లోనే దిగుతాం. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరుతో కట్టిన కొత్త విమానాశ్రయం లెక్క వేరు, అది వైజాగ్ నుంచి 45 కిలోమీటర్ల దాకా ఉంటుంది. దానికి 2019లో ఒకసారి, 2023లో ఇంకోసారి శంకుస్థాపన చేశారు, మన దగ్గర అదో ముచ్చట. పాత రన్‌వే నేవీది కావడంతో టైమింగ్స్‌కి ఇబ్బందులు ఉండేవి, కొత్తదానికి ఆ గొడవ ఉండదు, అది మంచిదే. విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకి పండగ, ఇన్నాళ్లూ వాళ్లు వైజాగ్ ట్రాఫిక్ దాటి వచ్చేవాళ్లు. మధురవాడ వాళ్లకీ పర్లేదు. కానీ గాజువాక, కూర్మన్నపాలెం, అనకాపల్లి వైపు వాళ్లకి ఊరంతా దాటి అటు చివరికి వెళ్లడమే, దానికి గంటంబావు వేసుకోవాలి. ఆ లెక్కన కూకట్‌పల్లి నుంచి గాజువాకకి ఐదున్నర గంటల పైమాటే, వందే భారత్‌తో తేడా నాలుగున్నర గంటలకి దిగిపోతుంది. మా ఇంటివరకు భోగాపురం ఫ్లైట్‌కి ఒక పాయింట్ తగ్గిస్తున్నాను, మీ ఇల్లు ఎక్కడో చూసుకుని మీరు కలుపుకోండి, తీసేయండి.

పొద్దున్న ఫ్లైట్‌కి 4 ఎందుకంటే, రాత్రంతా నిలిపి ఉంచిన విమానం కాబట్టి మామూలుగా టైమ్‌కే బయల్దేరుతుంది, తెల్లవారుజామున ఔటర్ ఖాళీగా ఉంటుంది, వైజాగ్‌లో పని చూసుకుని అదే రాత్రి వెనక్కి రావొచ్చు. ఏ రైలూ ఈ పని చేయలేదు. ఆస్పత్రి పని, రిజిస్ట్రేషన్ పని, పొద్దున్న ముహూర్తం కాని పెళ్లి, వీటికి కళ్లు మూసుకుని విమానమే. సంక్రాంతికి మాత్రం టికెట్ ధర మామూలు రోజుకి మూడు నాలుగు రెట్లు చూపిస్తుంది, అప్పటికి రైళ్లలో వెయిటింగ్ లిస్టు ఎప్పుడో నిండిపోయి ఉంటుంది కాబట్టి వాళ్లకీ అది తెలుసు. రైలు రిజర్వేషన్ అరవై రోజుల ముందు తెరుస్తారు, అంటే నవంబరు రెండో వారంలో పొద్దున్న 8 గంటలకి ఫోన్ పట్టుకుని కూర్చోవాలి. విమానం టికెట్లు అంతకంటే చాలా ముందే అమ్మకానికి ఉంటాయి, దసరా అవ్వకముందే కొనేసుకున్నవాళ్లకి ధర కాస్త అందుబాటులో దొరుకుతుంది, పండగ దగ్గర పడ్డాక తగ్గుతుందని ఎదురుచూసేవాళ్లకి ఈ రూట్లో నేనైతే తగ్గగా చూడలేదు.